భాషల పటంలో పట్టని ఊళ్లు

నేను చేసిన ఉద్యోగానికి మా ఇంట్లో పేరు లేదు. ఎవరైనా అడిగితే మా అమ్మ "నక్షల దఫ్తర్ల పని" అనేది. అడగకపోతే అదీ అనేది కాదు. మా తాత కాలంలో నక్షలు పట్టుకుని వచ్చేవాళ్లు మా దొరల గడి వసారాలో నిలబడి ఉండేవాళ్లు. ఆ ఇంటి మనవడు అరవైల మధ్యలో హైదరాబాదులో ఒక భాషా సర్వే కార్యాలయంలో జీతానికి చేరాడు. ఊరూరా తిరిగి ఎవరు ఏ భాష మాట్లాడతారో అడగడం, అడిగినదాన్ని నక్ష మీద రంగులుగా వేయడం అతని పని. జాగీర్లు పోయాయి, కౌలు చట్టం వచ్చింది, మిగిలినదాన్ని మా నాయన కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టాడు. ఆ కథ ఇంతకంటే చెప్పను. ఎవరి జాలీ మాకు అక్కర్లేదు.

ఈ పనిలోకి ఇప్పుడు కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, మీ కాలంలో యంత్రాలు లేకుండా ఎలా చేశారని అడుగుతుంటారు. యంత్రాలు లేకపోవడం మాకు పెద్ద ఇబ్బంది కాలేదు. ట్రేసింగు గుడ్డ, నల్ల సిరా, రంగు పెన్సిళ్లు, తాలూకా నక్షలు, కొన్ని వందల మాటల పట్టిక, ఒక పాత జీపు. వీటితో పని జరిగిపోయేది. ఇబ్బంది వేరే చోట ఉండేది. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, పై అధికారుల మెప్పులు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

గోడ మీది పటం

మా డైరెక్టరు గారు విదేశంలో చదివి వచ్చిన మనిషి. ఆయన గది గోడ మీద మన దేశపు పటం ఉండేది కాదు. అమెరికా ఖండానికి వాయవ్యాన, పసిఫిక్ సముద్రపు ఒడ్డున, కెనడా సరిహద్దుకు అటూ ఇటూ ఉండే సేలిష్ జాతుల భాషల పటం ఉండేది. వాటి పొరుగు జాతులవి కూడా. తొలి రోజుల్లో ఆ తీరం వెంబడి తిరిగిన పరిశోధకులు గీసినదాన్ని చూసి, ఆయన చదువుకునే రోజుల్లో తన చేత్తో నకలు తీసుకున్నారు. ఒక్కో భాషకు ఒక్కో రంగు. నదుల లోయల వెంట రంగులు మలుపులు తిరుగుతూ పోయి, ఒకదాని అంచుకు ఒకటి అతుక్కుని ఉండేవి. చూడటానికి నేత చీర పరిచినట్టు ఉండేది.

కొత్తగా చేరిన వాళ్లందరినీ ఆయన ఆ పటం ముందు నిలబెట్టేవారు. "రాతల్లేని జనానికి దేశం ఉందని లోకానికి ఇలాంటి పటమే చెప్పింది. మీ పని ఇంత శుభ్రంగా ఉండాలి" అనేవారు. అందులో నిజముంది. ఆ జనాన్ని లెక్కలో లేనివాళ్లుగా చూసిన కాలంలో, ఇదిగో వీళ్లు ఇక్కడ ఉన్నారు, వీళ్ల భాష ఇది అని ఎవరో ఒకరు గీయడం చిన్న పని కాదు.

డైరెక్టరు గారు మంచివారు. చదువుకున్నవారు. కింది ఉద్యోగిని కూర్చోబెట్టి మాట్లాడే అలవాటు ఆ రోజుల్లో ఆయనకు తప్ప ఎవరికీ లేదు. ఆయన బలహీనత ఒకటే, శుభ్రమైన అంచు. అంచు చెదిరితే ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు.

నాకూ అది నచ్చిందని ఒప్పుకోవాలి. గట్టు తగాదాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. గీత గీస్తే అటుది అటు, ఇటుది ఇటు కావాలనే నా స్వభావం.

ఒక ఊరికి ఒక భాష

నాకు మెదక్ జిల్లా ఇచ్చారు. సంగారెడ్డిలో ఒక గది కిరాయికి తీసుకుని, అక్కడి నుంచి జీపులో తిరిగేవాణ్ణి. డ్రైవరు ఖాజా మియా సదాశివపేట మనిషి. ఏ ఊళ్లో ఎవరింట్లో చాయ్ బాగుంటుందో అతని దగ్గర ఇంకో సర్వే ఉండేది.

నియమం సులువుగానే ఉండేది. ఊళ్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడే భాష ఏదో అదే ఆ ఊరి భాష. నక్ష మీద ఊరికి ఒకటే రంగు. సంగారెడ్డి చుట్టూ ఇది బాగానే నడిచింది. జహీరాబాదు దాటి కన్నడ సీమ వైపు పోయేసరికి నడవలేదు. అక్కడ ఒక ఊళ్లో నాగలి కట్టుకుంటున్న రైతును, మీ భాష ఏదని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఇంట్ల కన్నడ. అంగడిల తెలుగు. కచేరిల ఉర్దూ. ఎడ్లతోని మూడు మాట్లాడుత."

ఖాజా మియా జీపులో నుంచి తల బయటికి పెట్టాడు. "అయితె ఎడ్లనే అడుగుండ్రి సాబ్. గవిటికే అన్ని వస్తయి."

ఆ ఊరికి నేను కన్నడ రంగు వేశాను. నియమం ప్రకారం సరైనదే. కానీ ఆ సాయంత్రం పెన్సిలు చెక్కుతుంటే ఆ రైతు ముఖం గుర్తొచ్చింది. అతని బతుకులో మూడొంతులుంటే ఒక వంతు తీసుకుని తక్కిన రెండూ పారేశానని తెలుసు. పారేయకపోతే పటం రాదనీ తెలుసు. ఈ పనిలో ఉన్నంతకాలం ఈ రెండూ మీతో పాటే నడుస్తాయి. మొదటిదాన్ని మరిచిపోయినవాడు గుమాస్తా అవుతాడు. రెండోదాన్ని మరిచిపోయినవాడు ఏ పనీ పూర్తి చేయడు.

నక్కవాగు ఒడ్డున

ఇస్నాపూర్ అప్పటికి చిన్న ఊరు. ఇప్పుడు ఫ్యాక్టరీ కూలీలు కిరాయికి ఉండే గదులున్న చోట జొన్న చేలు ఉండేవి. అక్కడికి కొంత దూరంలో నక్కవాగు ఒడ్డున ఈత వనం, దాని పక్కన ఎరుకలవాళ్ల గుడిసెలు. ఎరుకలవాళ్లు తమలో తాము తమ సొంత భాష మాట్లాడుకుంటారు, ఊళ్లోవాళ్లతో తెలుగు. నా పట్టికలో వాళ్ల మాటలు చేరాలి.

గుడిసెల ముందు ఒక ఆడమనిషి ఈత బరిగెలతో గంప అల్లుతోంది. నలభై దాటి ఉంటుంది. పేరు నాంచారి. ఏ ఊరని అడిగాను. ఈ ఊరే అంది. మాటలన్నీ ఓపిగ్గా చెప్పింది, నేను రాసుకున్నాను. పది పన్నెండు రోజుల తర్వాత రుద్రారం దగ్గర తోపులో అదే నాంచారి, అవే గంపలు. నన్ను గుర్తుపట్టింది. ఏ ఊరని మళ్లీ అడిగాను. ఈ ఊరే అంది.

నాకు కోపం వచ్చింది. మొన్న ఇస్నాపూర్ అన్నావు గదా, ఏది నిజం అని గద్దించాను.

"మొన్న ఆడ ఉన్న, ఆడ అన్న. ఇయ్యాల ఈడ ఉన్న, ఈడ అంటున్న. గిండ్ల అబద్ధమేమున్నది?" అంది. అల్లే చేయి ఆగలేదు. "నువ్వు అడిగేది ఠాణోళ్లు అడిగేది దొరా. ఏడున్నవంటె ఏడున్ననో చెప్పి హాజరు ఏపిచ్చుకుంటం. మాకు ఏ ఊళ్లున్నయని ఎన్నడన్న అడిగినవా?"

పుట్టుకతోనే నేరస్తులని ఆ కులాన్ని లెక్కకట్టిన చట్టం పోయి అప్పటికి ఏళ్లు గడిచాయి. అయినా కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడి ఊరు అడిగేవాడు వాళ్లకు పోలీసే. నేను జీపు దిగి, చెప్పులు విడిచి, అక్కడున్న బండ మీద కూర్చున్నాను. మీకు ఏ ఊళ్లున్నయి అని అడిగాను.

ఆమె గంప పక్కన పెట్టి వేళ్లు ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఇస్నాపూర్ సగం. రుద్రారం మొత్తం. గుమ్మడిదల వైపు రెండు పల్లెలు. తరువాత, "మల్కచెర్ల" అంది.

మల్కచెర్ల మాది. అంటే మా తాతది. నేను పుట్టిన గడి అక్కడ ఉండేది. మా నాయన పోయిన తర్వాత ఆ గడి దూలాలు, తలుపులు కొన్నవాళ్లు బండ్ల మీద తీసుకుపోయారు. ఆ తర్వాత నేను ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

"మల్కచెర్ల ఎవరిదో ఎరుకనా నీకు?" అని అడిగాను. నా గొంతు మా తాత గొంతులా వచ్చిందని నాకే తెలిసింది.

"ఎరుక లేకేంది. మా అవ్వ పెండ్లికి వాళ్ల తల్లి ఇచ్చింది. మా అవ్వ నాకిచ్చింది." నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గడి దొరల పిలగానివి గదూ. ముక్కు గట్లనే ఉన్నది. మీ వడ్లకొట్టంల గంపలన్ని మా అవ్వ చేతియే."

ఆ ఊరిని "మాది" అని ఒక మనిషి నోట విని చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనడం మానేశారు. అంటే అమ్మ ఏడ్చేది. ఈత బరిగెల ముందు కూర్చున్న ఈ మనిషి మాత్రం కోర్టు లేకుండా, పట్టా లేకుండా, తడుముకోకుండా అంటోంది. ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆమె నోట ఆ పేరు ఇంకోసారి వినాలనిపించింది. అందుకే మల్కచెర్ల గురించి అవసరానికి మించి అడిగాను. చెరువు కట్ట మీద తుమ్మలు ఉన్నాయా, పెద్దబాయిలో నీళ్లున్నాయా, కోమటోళ్ల అరుగు ఉందా. నా పట్టికలో ఈ ప్రశ్నలు ఏవీ లేవు. ఖాజా మియా జీపు దగ్గర హారను కొట్టే దాకా అడుగుతూనే ఉన్నాను.

వంతులు

తర్వాత రెండు మూడేళ్లు ఇతర పనుల మధ్య వాళ్ల ఏర్పాటు తెలుసుకుంటూ వచ్చాను. ప్రతి ఎరుకల కుటుంబానికి కొన్ని ఊళ్లు వంతు. ఆ ఊళ్లో గంపలు, తట్టలు, చీపుర్లు, చాపలు ఆ కుటుంబమే ఇవ్వాలి. కోతల్లో కల్లం దగ్గర రైతులు ఆ కుటుంబానికే గింజలు పోయాలి. ఇంకో కుటుంబం అక్కడ గంప దించకూడదు. దించితే కులపెద్దలు కూర్చుని తప్పు వేస్తారు. ఊళ్లతో పాటు వాగు ఒడ్డున ఏ ఈత చెట్లు ఎవరు కొట్టుకోవాలో కూడా వంతులే. చెట్టు తల గౌండ్లవాళ్లది, కల్లు గీసుకుంటారు. కింది మట్టలు వీళ్లవి.

ఊళ్లు ఆడపిల్లల వెంట నడుస్తాయి. పెళ్లికి తల్లి తన వంతులో నుంచి కూతురికి ఒక ఊరో రెండు ఊళ్లో ఇస్తుంది. అందుకే ఒక కుటుంబం ఊళ్లు ఒకచోట ఉండవు. చల్లిన గింజల్లా పడి ఉంటాయి. ఒక కుటుంబపు రెండు ఊళ్ల మధ్య ఇంకొకరి ఊళ్లు ఉంటాయి. ఆ ఊళ్లన్నింటిలోనూ ఎక్కువమంది మాట్లాడేది తెలుగే కాబట్టి, మా నియమం ప్రకారం ఎరుకల భాషకు మెదక్ జిల్లాలో ఒక్క చుక్క రంగు కూడా రాదు.

నేను పలచటి ట్రేసింగు గుడ్డ మీద రెండో పటం గీశాను. మొదటి పటం మీద పరిస్తే, తెలుగు రంగు కిందే ఉంటూ, పైన ఎరుకల కుటుంబాల వంతులు సన్నటి గీతలతో కనిపిస్తాయి. పెళ్లిళ్ల వెంట ఊరి నుంచి ఊరికి గీతలు. గీయడం పూర్తయ్యాక అది పటంలా లేదు. కోడి కెలికిన ముగ్గులా ఉంది. కానీ నిజం అదే.

డైరెక్టరు గారు దాన్ని బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశారు.

"చాలా మంచి పని. అచ్చులో మాత్రం వేయలేం" అన్నారు.

ఎందుకని అడిగాను. వీళ్లకు స్థిరనివాసం లేదు, పటం నివాసాల పటం అన్నారు. నాకు ఆయన గోడ మీద ఉన్నది గుర్తొచ్చింది. అప్పటికి ఆ సేలిష్ ప్రాంతం గురించి ఆయన అలమారలో దొరికినదంతా చదివాను. అక్కడ చేపలు పట్టే తావులు కుటుంబాల చేతుల్లో ఉండేవి. పెళ్లి సంబంధాల వల్ల ఒక భాషవాళ్ల నది ఒడ్డుకు ఇంకో భాషవాళ్లు చుట్టాలుగా వచ్చి, రుతువు ఉన్నన్నాళ్లు ఉండి, చేపలు ఎండబెట్టుకుని వెళ్లేవాళ్లు. ఏ నది ఏ రంగుదో పటం చెబుతుంది. ఆ నదికి ఎవరెవరు రావచ్చో చెప్పదు.

"అక్కడా ఇదే ఉంది కదండీ. ఆ గీతల మీదుగా చుట్టరికాలు నడిచాయి. మీ పటంలో అవి లేవు" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. ఆ పటం గురించి ఆయన ముందు ఎవరూ అలా మాట్లాడలేదు. నా పటాన్ని చుడుతూ మెల్లగా అన్నారు.

"లేవు. నాకూ తెలుసు. పటం గీయడమంటే ఏదో ఒకటి వదిలేయడమే. అన్నీ పెడితే అది మళ్లీ భూమే అవుతుంది. భూమిని చుట్టి సంచిలో పెట్టుకోలేం."

ఆ మాట నిజమే. ఒకటి మాత్రం చెప్పగలను. ఏది వదిలేయాలో తేల్చే గదిలో, వదిలేయబడేవాళ్లు ఎప్పుడూ ఉండరు.

కచేరీలో

డెబ్బైల్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలకు భూములు తీసుకోవడం మొదలైంది. పట్టాదారులకు నోటీసులు వచ్చాయి. మల్కచెర్ల ఊరంతా పోయే భూమిలో ఉంది. నక్కవాగు ఒడ్డున ఈత వనం, గుడిసెలున్న జాగా సర్కారు భూమి. కాబట్టి ఎవరికీ నోటీసు లేదు. ఒకరోజు కొలతలవాళ్లు వచ్చి గుడిసెల మధ్య సున్నం గీతలు వేసి, పది రోజుల్లో ఖాళీ చేయమని పోయారు.

నాంచారి సంగారెడ్డిలో నా గది వెతుక్కుంటూ వచ్చింది. వెంట కూతురు మానెమ్మ. పదిహేనేళ్ల పిల్ల. కూర్చోమన్నా నాంచారి కూర్చోలేదు.

"నీ నక్షల మేమున్నమా లేమా, గది చెప్పు" అంది.

ఒకదాంట్లో ఉన్నారని, అచ్చయ్యేదాంట్లో లేరని చెప్పాను.

"అచ్చయ్యేదాంట్ల లేకుంటె ఉన్నట్టెట్ల దొరా? ఆడ అడుగుతున్నరు, మీరు ఈడోళ్లే అన్నదానికి సబూత్, రుజువు ఏందని. గుడిసెలు పీకితె ఏడికి పోవాలె? ఇంకోళ్ల ఊళ్లల్ల దిగనియ్యరు. మాకు ఇంకో దిక్కు ఊళ్లు లెవ్వు." చేయి విదిలించింది. "నక్ష వద్దు తియ్యి. నువ్వు రా. మల్కచెర్ల గడి దొర మనుమన్నని చెప్పు. ఎరుకలోళ్లు మా ఊళ్లె ఉండెటోళ్లని చెప్పు. గంతే."

ఆమె అడిగింది చిన్న సాయమని అనుకోకండి. మా నాయన పోయిన నాటి నుంచి ఆ పేరు చెప్పుకుని నేను ఏ కచేరీ గడపా తొక్కలేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు కూడా తండ్రి పేరు రాశానే గాని, ఊరూ హోదా రాయలేదు. పోయిన పేరును పైకి తీస్తే జనం రెండే పనులు చేస్తారు, జాలి పడతారు లేదా నవ్వుతారు. నాంచారికి రేపు చెబుతానన్నాను. ఆమె రేపటి దాకా బయట అరుగు మీదే కూర్చుంటానంది. అన్నట్టే కూర్చుంది. తెల్లవారి నేను ఇస్త్రీ చేసిన షేర్వాణీ తీసి తొడుక్కున్నాను. అది మా నాయనది. భుజాల దగ్గర నాకు వదులు.

తహసిల్దారు వయసులో చిన్నవాడు, వేరే జిల్లా మనిషి. మర్యాదగా కుర్చీ చూపించాడు. సర్వే ఆఫీసు తరఫున వచ్చారా అని అడిగాడు. కాదన్నాను. ఆఫీసు తరఫున అనడానికి నాకు అనుమతి లేదు. మరి ఎవరి తరఫున అన్నాడు. మా తాత పేరు, మా నాయన పేరు, ఊరి పేరు చెప్పాను. మూల బల్ల దగ్గర ఉన్న ముసలి పేష్కారు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"ఎరుకే సార్. ఈయన నాయన, వాలిదు సాబ్, అప్పీళ్ల మీద అప్పీళ్లు ఏసి మన కచేరి మెట్లు అరగదీసిండు" అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువయ్యేది.

తహసిల్దారు కాగితాలు తిప్పాడు. "ఇందులో మీ భూమి ఏమీ లేదు కదండీ?"

"లేదు. ఎక్కడా లేదు."

"మరి మీకు దీంతో సంబంధం ఏమిటి?"

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. "మా ఊళ్లో వీళ్లు వచ్చిపోయేవాళ్లు కాదు, హక్కు ఉన్నవాళ్లు. మా తాత హయాంలో మాకు ఆ ఊరి మీద సర్కారు ఇచ్చిన సనదు కాగితం ఉండేది. వీళ్లకు సనదు లేకుండానే హక్కు ఉండేది. మాది పోయింది. వీళ్లది ఇంకా ఉంది. మీరు తీసేస్తే తప్ప పోదు. ఇది మా ఇంటి తరఫున చెబుతున్నాను. మా ఇంట్లో ఇక ఈ మాట చెప్పగలిగినవాడు నేనొక్కణ్ణే."

తలుపు బయట గోడకు ఆనుకుని కూర్చున్న నాంచారి అంతా వింది.

ఈత వనం దక్కలేదు. అది అప్పటికే కంపెనీ ప్లాటు కింద పోయింది. వాగుకు అవతల, రోడ్డు పక్కన రాళ్ల దిబ్బ ఒకటి ఉంటే అక్కడ గుడిసెలు వేసుకోనివ్వమని, ఖాళీ చేయించవద్దని తహసిల్దారు తన కింది గిర్దావరుకు నోటిమాటగా చెప్పాడు. పట్టా కాదు. ఆ మాట చాలా ఏళ్లు నిలిచింది. బయటికి వచ్చాక నాంచారి నాకు దండం పెట్టలేదు. "షేర్వాణి నీది కాదు దొరా, కుట్టిపిచ్చుకో" అంది. అంతే.

అచ్చయిన పటం

ఆ తర్వాత ఏడాదికి పటం అచ్చయింది. మెదక్ జిల్లా తూర్పు అంతా ఒకే పసుపు రంగు. పడమట కన్నడ అంచు గోటితో గీసినంత శుభ్రంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. నేను వేసిన రంగులే గనుక నాకూ గర్వంగానే ఉంది, దాచను. డైరెక్టరు గారు పదవి విరమించే రోజున తన గోడ మీది సేలిష్ పటాన్ని దించి, చుట్టి, ఇంటికి తీసుకుపోయారు. నా రెండో పటం ఏం చేయాలని అడిగితే, భద్రంగా పెట్టమన్నారు. పెట్టాను. చెదపురుగులు కొంత తిన్నాయి.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీకు రంగులు ఇస్తారు, వేయండి. కానీ ఏ ఊరికి రంగు వేసినా, ఆ ఊరిని "మాది" అనే వాళ్లు ఎందరున్నారో ముందు అడగండి. వాళ్లలో కొందరికి అక్కడ ఇల్లు ఉండదు. కొందరికి, నాలాగే, అక్కడ ఏమీ ఉండదు.

మల్కచెర్ల

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం నాంచారి కబురు పంపింది. మానెమ్మ పెళ్లి అయింది, ఊరు ఇస్తున్నాను, నువ్వు రావాలి అని. ఏ ఊరు ఇస్తున్నదో చెప్పలేదు. నాకు అర్థమైంది.

అప్పటికి మల్కచెర్ల లేదు. జనం పరిహారం తీసుకుని తలా ఒక దిక్కు పోయారు. కొందరు ఇస్నాపూర్‌లో, కొందరు పటాన్‌చెరులో. చెరువు పూడ్చి గోడ కట్టారు. గోడ లోపల షెడ్లు, పొగ గొట్టం. నేను బస్సు దిగేసరికి నాంచారి, మానెమ్మ, మానెమ్మ పెనిమిటి గోడ పక్కన నీడలో నిలబడి ఉన్నారు. ఆ పిల్లవాడు అదే ఫ్యాక్టరీలో హమాలీ. మానెమ్మ రోడ్డు మీది మూడు ఫ్యాక్టరీల క్యాంటీన్లకు గంపలు, చీపుర్లు వేస్తోంది. ఏ గేటు ఎవరిదో కులపెద్దలు కూర్చుని వంతులు వేశారట.

"గేట్లు వంతులు పడ్డయి గదా, ఇగ ఊరెందుకు?" అని అడిగాను.

"గేటు ఇయ్యాల ఉంటది, రేపు మూసేస్తరు. ఊరు గట్ల కాదు" అంది నాంచారి.

"ఊరే లేదు నాంచారీ."

"అందుకే నిన్ను పిలిసిన." వాళ్ల కట్టుబాటు ఏమిటో అప్పుడు చెప్పింది. ఊరు ఇచ్చేటప్పుడు ఆ ఊరి మనిషి ఒకరు తోడుండాలి. ఊరి చుట్టూ నడిపించి, ఏది ఎక్కడో చూపించి, చివర ఆడపిల్ల కొంగులో గింజలు పోయాలి. అప్పుడే ఆ ఊరు ఆమెది. "ఊరోళ్లు ఎవ్వరు దొరుకుతలేరు. దొరికినోళ్లు యాదికి లేదంటున్నరు. ఇగ ఊరంటె నువ్వే ఉన్నవ్."

మా వంశంలో అందరికీ ఏదో ఒక హోదా ఉండేది. నాకు ఎవరూ ఏదీ ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం రోడ్డు పక్కన నాకు ఇది దక్కింది.

గోడ వెంట నడిచాం. గేటు దగ్గర కాపలావాడు హిందీలో ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ముందుకు కదిలాం. నేను గోడను చూస్తూ చెప్పాను. ఇక్కడ మామిళ్ల చెలక. ఆ గొట్టం ఉన్న చోట పెద్దబాయి, మోట కొడితే చప్పుడు గడిలోకి వినిపించేది. ఇది కోమటోళ్ల వీధి. ఇక్కడ మాలపల్లె. వాళ్ల పోశమ్మ గద్దె ఈ మూలకు ఉండేది. మానెమ్మ ప్రతి పేరూ నా వెనకే మెల్లగా పలికింది. పెద్ద చెరువు ఎక్కడ అని ఆమే ఒకసారి అడిగింది. చూపించాను. గడి ఎక్కడ అని అడగలేదు. నేనూ చెప్పలేదు. అది ఉండిన చోటు ముందు నుంచి మామూలుగానే నడిచిపోయాను, లేదా నడిచానని అనుకున్నాను. నాంచారి మాత్రం అక్కడ ఒక అడుగు నెమ్మదించి నా కోసం ఆగింది.

చుట్టు తిరిగి వచ్చాక మానెమ్మ కొంగు పరిచి నిలబడింది. నా చేతిలో గింజలు లేవు. మా ఇంట్లో కొనకుండా గింజలు ఉండి ఏళ్లయింది. ఉండమని చెప్పి రోడ్డు దాటి, కిరాయి గదుల వరుసలో ఉన్న కిరాణా దుకాణానికి పోయాను. కొట్టు మనిషి జొన్నలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మా వడ్లకొట్టం తలుపు తీస్తే గింజలు కాళ్ల మీదికి జారి వచ్చేవి. అది ఆ కొట్టతనికి ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు. చెప్పలేదు.

తిరిగి వచ్చి పొట్లం విప్పి, దోసిట్లోకి తీసుకుని మానెమ్మ కొంగులో పోశాను. ఇది మల్కచెర్ల అన్నాను. 

నాంచారి కొంగులోకి వంగి చూసింది.

"తక్కువ పోసినవ్ దొరా. మీ తాత గూడ గింతే పోస్తుండె."

పొట్లంలో మిగిలినవి కూడా పోశాను.